ఐర్లండ్ లార్డుగారికి మా శాలువాలు

హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి చెప్పి రిటైరైనదాన్ని. లార్డులంటే నాకు కొత్తేమీ కాదు. ఏ లార్డు ఏ సంస్థానాన్ని మింగాడో, ఏ లార్డు రైలు వేయించాడో, ఏ లార్డు మన నోట్లో ఇంగ్లీషు కుక్కాడో వందలమంది పిల్లల చేత వల్లె వేయించాను. అయితే ఒక్క లార్డునైనా కళ్ళారా చూశానా అంటే లేదు. అలాంటిది ఈ మధ్య అమెరికాలో, నార్త్ కెరొలైనా కొండల్లో, ఒక కార్ల షెడ్డులో ఆ భాగ్యం కలగబోయింది. ఐర్లండ్‌లోని పాతకాలపు బిరుదొకటి సముద్రం దాటి వచ్చి, గ్రీజు చేతుల పెద్దమనిషి గుమ్మంలో నిలబడి, తీసుకుంటావా లేదా అని అడుగుతోంది. ఆయన ఏం జవాబు చెబుతాడో వినడానికి మేము కారేసుకుని పోయాం. తిరిగొచ్చినా నాకింకా కాళ్ళు నేలమీద ఆనడం లేదు. వెళ్ళనివాళ్ళకి చెబితే తప్ప నాకు తిన్నది అరగదు, అందుకే రాస్తున్నాను.

క్యారీ

మా అమ్మాయి సింధు క్యారీలో ఉంటుంది. మందుల కంపెనీలో ఉద్యోగం. మావారూ నేనూ కొన్నాళ్ళుందామని వెళ్ళాం. ఆ ఊళ్ళో చక్కటి కాలిబాటలు వేశారు గానీ వాటిమీద నడిచే మనుషులుండరు. నడిచేది నేనూ, పక్కింటి మోరీనూ మాత్రమే. మోరీన్‌కి డెబ్బై దాటాయి. భర్త పోయాడు. పొట్టి తెల్లజుట్టు, మోకాళ్ళ నొప్పులు, మూతపడని నోరు. నా మోకాళ్ళూ నోరూ కూడా అదే రకం కాబట్టి స్నేహం ఇట్టే కుదిరింది.

ఒక పొద్దున ఆవిడ నడక ఆపి, తన అన్న డెస్మండ్ లార్డు కావచ్చని చెప్పింది. వాళ్ళ పూర్వీకులు ఐర్లండ్‌లో క్లోన్‌బారా అనే చోట బ్యారన్లట. బ్యారన్ అంటే లార్డుల మెట్లలో అన్నిటికన్నా కింది మెట్టు. అయినా మెట్టు మెట్టే. అక్కడి ఆఖరి బ్యారన్ పిల్లల్లేకుండా పోయాడు. అక్కడి లాయరు వంశమంతా గాలించి, మగసంతానం వరసలో ముందున్నది అమెరికాలో ఉన్న డెస్మండేనని తేల్చాడు. మీ అన్నయ్య ఏం చేస్తుంటారని అడిగితే, పాత కార్లు బాగుచేస్తాడని చెప్పింది.

ఏటా వేసవిలో వాళ్ళ బంధువులందరూ డెస్మండ్ ఊళ్ళో కలుస్తారు. ఈసారి శనివారం భోజనాలయ్యాక ఆయన బిరుదు తీసుకుంటాడో లేదో అందరి ముందూ చెప్పాలి. తీసుకోవాలని ఆయనకి చిన్నపిల్లాడంత ఆశ. కానీ ఏదో అడ్డుపడుతోంది, ఏమిటో పైకి చెప్పడం లేదు. అది తలుచుకుని మోరీన్‌కి నిద్రపట్టడం లేదు. పైగా అంతదూరం తనొక్కతే కారు నడపలేదు.

సింధుతో ఆ సంగతి అనేసరికి అది కాసేపు మూతి ముడిచి, "వీకెండ్ రెస్ట్ తీసుకుందామనుకున్నానమ్మా. సరేలే, లార్డ్‌ని లైవ్‌లో చూడటమంటే నాకూ ఎక్సైటింగ్‌గానే ఉంది. ఫ్రైడే ఆఫ్ పెడతా, నేనే డ్రైవ్ చేస్తా" అంది.

ఇంక నేను ఆగుతానా? లార్డుని చూడబోతూ ఒట్టిచేతులతో ఎలా వెళ్ళడం? మనవాళ్ళకి గొప్పవాడు కనబడితే చాలు, శాలువా కప్పందే చెయ్యి ఊరుకోదు. నా రిటైర్మెంటు సభలో కప్పినవాటిల్లో రెండు, జరీ అంచువి, మడత విప్పనివి, ఎందుకైనా మంచిదని సూట్‌కేసులో వేసుకొచ్చాను. ఒకటి లార్డుగారికి, ఒకటి ఆయన కొడుక్కి. డెస్మండ్‌కి పాల్ అనే ఒక్కడే కొడుకున్నాడని మోరీన్ చెప్పింది. లార్డు కొడుకు రేపటి లార్డు. ఇద్దరికీ ఒకేసారి కప్పేస్తే ఒక పనైపోతుంది కదా అని నా లెక్క.

ఉడికిన పల్లీలు

ముందు సీట్లో మోరీన్, వెనక మేమిద్దరం. కారు కదిలిన దగ్గర్నుంచీ మోరీన్ తమ వంశచరిత్ర మొదలుపెట్టింది. సింధు బడలిక తెలియకుండా నడిపిందంటే ఆ పుణ్యం మోరీన్‌దే.

మొదటి బ్యారన్ ఏ యుద్ధంలోనూ గెలవలేదట. అసలు యుద్ధానికే వెళ్ళలేదట. ఐర్లండ్ పార్లమెంటుని ఎత్తేసి లండన్‌లో కలిపేయాలనుకున్నప్పుడు, అందుకు ఓటేసిన వాళ్ళకి బిరుదులు పంచిపెట్టారట. ఆ పంపకంలో వీళ్ళకో బ్యారన్ పదవి దొరికింది. మావారు తపాలా శాఖలో పనిచేసిన మనిషి. అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడరు. ఆయన కూడా ఉండబట్టలేక, "ఓటుకి నోటు మనమే కనిపెట్టామనుకున్నాను" అన్నారు. సింధు ఆ ముక్క ఇంగ్లీషులోకి మార్చి చెబితే మోరీన్ డాష్‌బోర్డు మీద కొడుతూ నవ్వింది.

రెండో బ్యారన్ గుర్రప్పందేల్లో పొలాలన్నీ పోగొట్టుకున్నాడు. తర్వాత ఒకాయన, కప్పు లేని ఇంటికి పన్నుండదని తెలుసుకుని, తన కోట కప్పు తనే పీకించేశాడు. పన్ను తప్పింది, కోట వానకి నాని కూలింది. ఆయన చిన్నకొడుకు వంటమనిషి కూతుర్ని ప్రేమించి, తండ్రి గెంటేస్తే ఆ పిల్లతో ఓడెక్కి అమెరికా వచ్చి, ఈ కొండల్లో రైలు పట్టాలు వేసే పనిలో చేరాడు. ఆయన సంతతే మోరీన్, డెస్మండ్. ఇప్పుడా బిరుదుకి కోట లేదు, సెంటు భూమి లేదు, పార్లమెంటులో కుర్చీ కూడా లేదు. ఉన్నది పేరొక్కటే. అయినా వాళ్ళ నాయనమ్మ రోజూ పడుకోబెట్టేటప్పుడు డెస్మండ్‌కి ఆ కోట కథలే చెప్పేదట.

అమెరికాలో లార్డుగా ఉండనిస్తారా అని నాకు సందేహం వచ్చింది. సింధు తీర్చింది. పుట్టుకతో అమెరికన్ అయితే ఇబ్బంది లేదట. కొత్తగా పౌరసత్వం తీసుకునేవాళ్ళే బిరుదులుంటే వదులుకోవాలట. "నా ఇంటర్వ్యూలో నన్ను కూడా అడిగారు నాన్నా, ఏమైనా హెరెడిటరీ టైటిల్స్ ఉన్నాయా అని. లేవని చెప్పేశా" అంది. మావారు కాస్త నొచ్చుకుని, తమ తాతగారికి రావుబహదూర్ ఇస్తామన్నారని, ఆయనే వద్దన్నారని గుర్తుచేశారు. ఆ ఇస్తామన్నవాళ్ళెవరో నాకు పెళ్ళైన నాటినుంచీ తెలియలేదు.

అంతలో మావారు, ఆ ముసలి బ్యారన్‌కి పిల్లల్లేకపోతే ఎవరినైనా దత్తత తీసుకోవాల్సింది కదా అన్నారు. ఆయనకి ఆ ప్రశ్న సహజం. ఆయనే దత్తుడు. పసితనంలో దూరపు బంధువులింటికి దత్తు వెళితే ఇంటిపేరూ గోత్రమూ రెండూ మారాయి. ఆ పెంచిన తండ్రే ఆయనకి నాన్న. మోరీన్ మాట మార్చింది. కిటికీలోంచి బయటికి చూసి, అదిగో ఉడికిన పల్లీలు, కారాపమంది.

రోడ్డు పక్కన గుడారం, గాబంత డేగిశా, పొగలు. గడ్డిటోపీ పెట్టుకున్న పెద్దావిడ ఒక్కో గ్లాసుడు అయిదు డాలర్లకి అమ్ముతోంది. మావారు మనసులోనే రూపాయల్లోకి మార్చుకుని, ఈ డబ్బుకి మా ఊళ్ళో బస్తా వస్తుందన్నారు. రాదు, ఆయన లెక్కలెప్పుడూ అంతే. ఆ పెద్దావిడ గ్లాసు అందిస్తూ ఆయన్ని "హనీ" అంది. నలభై ఏళ్ళ కాపురంలో నేనలాంటి మాట అనలేదు కాబట్టి కాబోలు, మనిషి చెవులదాకా ఎర్రబడి, చిల్లర పుచ్చుకోకుండానే కారెక్కారు. పల్లీలు మాత్రం అచ్చం మన ఇంట్లో కుక్కర్లో ఉడికించినట్టే ఉన్నాయి, ఉప్పే రెండింతలు.

బిస్కెట్ల హోటలు

కొండలు మొదలయ్యే చోట ఒక చిన్న హోటల్లో ఆగాం. పలకమీద బిస్కెట్లని ఉంటే, టీలో ముంచుకుందామని చెప్పాను. వచ్చినవి నా పిడికిలంత ఉన్న మెత్తటి బన్నులు, వాటిమీద మాంసం ముక్కలు వేసిన తెల్లటి గంజి. నేను శాకాహారినని సింధు వివరిస్తే, వడ్డించే ఆవిడ పాపం చాలా బాధపడి, మొక్కజొన్నరవ్వ ఉప్మాకి దూరపు బంధువులాంటి గ్రిట్స్ తెచ్చింది. పోపు లేని ఉప్మా ఎలా ఉంటుందో ఊహించుకోండి. దానితోపాటు బెండకాయ వేపుడు వచ్చింది. నిజం బెండకాయ. నాకు అక్కడే ఆనందంతో ఏడుపొచ్చినంత పనైంది.

ఆ వడ్డించే ఆవిడ మోరీన్‌ని చూసి, మీవాళ్ళెవరని అడిగింది. ఉద్యోగం గురించి కాదు, సొంతూరు గురించి కాదు. మీరెవరి తాలూకు అని మనవైపు అడుగుతారే, అచ్చం అదే. మోరీన్ తాతల పేర్లు చెప్పింది. ఆవిడ తన అత్తగారి వైపు పేర్లు చెప్పింది. చివరికి ఎవరి పెళ్ళిలోనో ఇద్దరూ ఒకే బల్లమీద భోంచేశారని తేలింది. అమెరికావాళ్ళకి చుట్టరికాలు పట్టవని నాకు చెప్పినవాళ్ళని ఆ హోటలుకి తీసుకెళ్ళి గ్రిట్స్ పెట్టించాలి.

కొండమీద షెడ్డు

ఊరి పేరు రాయనని మోరీన్‌కి మాటిచ్చాను. చుట్టూ నీలంరంగు కొండలు, కింద వాగు, వాగు పక్కన రేకుల షెడ్డు. షెడ్డుమీద పెద్ద అక్షరాలతో "డెస్మండ్ అండ్ సన్" అని బోర్డు. లార్డుగారి దర్శనం ముందు కాళ్ళతో మొదలైంది. ఒక ట్రక్కు కింద రెండు బూట్లు కనిపించాయి. మోరీన్ కేకేస్తే చక్రాల పలకమీద మిగతా మనిషి జారుకుంటూ బయటికొచ్చాడు. ఎర్రటి మొహం, తెల్లటి కనుబొమలు, బొజ్జ. నాకు నమస్కారం పెట్టబోయి, చేతులకి గ్రీజుందని మోచేతులు రెండూ కలిపి పెట్టాడు.

లోపల గోడంతా సుద్దముక్కతో ఒకే మాట మళ్ళీ మళ్ళీ రాసి ఉంది. అదేమిటని అడిగితే ఆయన సిగ్గుపడ్డాడు. లార్డులు సంతకంలో సొంతపేరు రాయరట, బిరుదు ఒక్కటే రాస్తారట. 'క్లోన్‌బారా' అని వంకర లేకుండా రాయడం సాధన చేస్తున్నాడు. ఆ వయసు మనిషి కళ్ళల్లో ఆ వెలుగు చూసి నాకు ఆయనమీద అక్కడికక్కడే అభిమానం పుట్టింది.

కొడుకు పాల్ వచ్చాడు. నలభైకి దగ్గర పడినవాడు, చామనఛాయ, ఒత్తైన నల్లజుట్టు, మనవైపు మనిషిలాగే ఉన్నాడు. తండ్రి పోలిక ఒక్కటీ లేదు. మన ఇళ్ళల్లో ఒకే తల్లి కడుపున ఒకరు పచ్చగా, ఒకరు నల్లగా పుట్టడం మామూలే కాబట్టి నాకు ఏ ప్రశ్నా రాలేదు. తల్లిపోలిక కాబోలనుకున్నాను. ఆ తల్లి ఎప్పుడో పోయింది.

ముందే వచ్చిన బంధువులు కొందరు పెరట్లో కుర్చీలేసుకుని ఉన్నారు. వాళ్ళలో ట్రెవర్ ఒకడు. ఒహాయోలో పళ్ళ డాక్టరు, డెస్మండ్‌కి చిన్నతాత మనవడు, మన లెక్కలో తమ్ముడి వరస. ఐర్లండ్ లాయరుతో రోజూ మాట్లాడేది ఇతనే. ఈమధ్య గుర్రపుస్వారీ కూడా నేర్చుకుంటున్నాడట. ఎందుకో నేను అడగలేదు.

అందరూ ఉన్నారు కదా, ఇదే మంచి సమయమని శాలువాలు తీశాను. మా దేశంలో గౌరవం ఇలా చేస్తామని రెండు ముక్కలు మాట్లాడి, డెస్మండ్‌కి ఒకటి కప్పాను. చప్పట్లు మోగాయి. ఆయన జరీ అంచు తడుముకుంటూ మురిసిపోయాడు. ఆ ఊపులో రెండోది పాల్‌కి కప్పి, ఇతను ఈయన తర్వాత లార్డు క్లోన్‌బారా అని ప్రకటించాను.

చప్పట్లు రాలేదు. ట్రెవర్ ఇబ్బందిగా నవ్వి, మీరు పొరపడ్డారు, తర్వాతివాణ్ణి నేను అన్నాడు. పాల్ శాలువా తీసి, నలగకుండా మడిచి, వెళ్ళి ట్రెవర్ భుజాలమీద వేశాడు. నావైపు చూసి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూశాక భూమి చీలితే బాగుండుననిపించింది.

మోరీన్ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి అసలు సంగతి చెప్పింది. పాల్‌ని డెస్మండ్ దంపతులు నెలల పిల్లాడుగా ఉన్నప్పుడు పెంచుకున్నారు. ఈ దేశంలో అతను అన్ని విధాలా డెస్మండ్ కొడుకే. కానీ ఆ బిరుదు కడుపున పుట్టిన మగబిడ్డకే పోతుంది, పెంచుకున్నవాడికి పోదు. అంతే అయితే డెస్మండ్ పట్టించుకునేవాడు కాదు. బిరుదు కావాలంటే, తర్వాతి వారసుడెవరో తేలడానికి ఆయన ఐర్లండ్ లాయరు ముందు ప్రమాణం చేయాలి, తనకి కొడుకు లేడని. అన్నాళ్ళనుంచీ ఆయనకి అడ్డుపడుతున్న మాట అదే.

పాల్‌ని పెంచుకున్నారని ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరట, అందుకే తనూ చెప్పలేదని మోరీన్ కళ్ళు తుడుచుకుంది. నేను ఎన్నేళ్ళు పిల్లలకి రాజ్యసంక్రమణ సిద్ధాంతం చెప్పానో. దత్తత చెల్లదని తెల్లదొరలు మన సంస్థానాలు కలిపేసుకున్న పాఠం అది. మార్కులు వచ్చే ప్రశ్న అని అండర్‌లైన్ చేయించేదాన్ని. ఆ ప్రశ్నకి బాధపడే మొహం ఒకటుంటుందని ఆ పెరట్లో తెలిసింది.

ఎలుగుబంటి, ఆవకాయ

మాకు వాగుగట్టున చెక్కగది ఇచ్చారు. తలుపుమీద, ఎలుగుబంట్లు తిరుగుతాయి, తిండివస్తువులు బయట పెట్టవద్దని రాసి ఉంది. మావారు అది చదివి, నేను తెచ్చిన ఆవకాయ జాడీని స్నానాలగదిలో తొట్టిలో పెట్టి, దానిమీద బకెట్ బోర్లించి, తలుపు గడియపెట్టారు. తెల్లారాక కిటికీలోంచి చూస్తే నిజంగానే ఎలుగుబంటి. చెత్తడబ్బా చుట్టూ తిరుగుతోంది. సింధు ఫోన్ పట్టుకుని వీడియో తీస్తూ, "నాన్నా, డోంట్ మూవ్, డోంట్ మూవ్" అంటోంది. ఆయన కదిలే పరిస్థితిలోనే లేరు. అదొకసారి మావైపు చూసి, మాలో తినదగ్గదేమీ లేదని తేల్చుకుని, వాగు దాటి పోయింది. ముగ్గురం మంచంమీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వాం.

నవ్వు ఆగాక మావారు నావైపు తిరిగారు. "నిన్న ఆ అబ్బాయి శాలువా మడుస్తుంటే నా భుజాలమీంచి తీసినట్టుందే" అన్నారు. ఆయన దత్తత గురించి ఇన్నేళ్ళలో నాతో ఒక్కసారి కూడా అలా మాట్లాడలేదు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

శనివారం భోజనాలు

మధ్యాహ్నానికి బంధువులందరూ దిగారు. అందరికీ ఒకే ఆకుపచ్చ టీషర్టులు, వీపుమీద ట్రెవర్ అచ్చువేయించిన వంశవృక్షం. మాక్కూడా ఇచ్చారు. మావారు పంచె అంచులో తప్ప ఆకుపచ్చ రంగే ఎరగని మనిషి, ఆ వయసులో వీపుమీద ఐర్లండ్ మోశారు. ఆ చెట్టుకి ఎన్ని కొమ్మలో, మోరీన్ పెంచే కుక్కపిల్ల పేరు కూడా ఎవరో సరదాకి చేర్చారు. డెస్మండ్ కింద మాత్రం ఖాళీ. చోటు చాలలేదని ట్రెవర్ చెప్పాడు. చెడ్డవాడు కాడు, నిజంగా అలాగే అనుకున్నట్టున్నాడు. పాల్ అదే టీషర్టు వేసుకుని, పొగలో కళ్ళు మండుతున్నా అందరికీ మాంసం కాల్చి పెడుతున్నాడు.

వాళ్ళ పద్ధతి బాగుంది. ఒక్కళ్ళమీద వంట భారం పడదు, ఇంటికో గిన్నె తెస్తారు. ఆలుగడ్డ ముద్దలు నాలుగు రకాలు, సోడా వేసి కాల్చిన రొట్టె, పానకంకన్నా తియ్యటి చల్లని టీ. నేను పులిహోర చేశాను. ట్రెవర్ మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నాడు, కరివేపాకుతో సహా నమిలాడు. మేము కాగితపు పళ్ళెంలో విస్తట్లోలా కలుపుకుని చేత్తో తింటుంటే పిల్లలు మా చుట్టూ చేరి చూశారు.

మావారు తన పళ్ళెం పట్టుకుని పోయి, ఒంటరిగా కూర్చున్న డెస్మండ్ పక్కన కూర్చున్నారు. నేనూ సింధూ వెనకే వెళ్ళాం. ఆయన ఉపోద్ఘాతం లేకుండా, తాను కూడా పెంపుడు కొడుకునేనని ఇంగ్లీషులో చెప్పారు. డెస్మండ్ నమలడం ఆపి, మీ నాన్నగారు ఎప్పుడైనా మీరు తన సొంతకొడుకు కారని అన్నారా అని అడిగాడు.

"ఆయన అనలేదు. ఊళ్ళో ఒకాయన ఒకసారి అన్నాడు. మా నాన్న బతికున్నంతకాలం వాళ్ళ గడప మళ్ళీ తొక్కలేదు" అన్నారు మావారు. ఇంగ్లీషు సరిపోక సగంలో తెలుగులోకి జారితే సింధు మిగతాది ఇంగ్లీషులో చెప్పింది.

భోజనాలయ్యాయి. పాల్ తండ్రి చెయ్యి పట్టుకుని నిలబెట్టాడు. రెండో చేతిలో కిరీటం. బండి పళ్ళచక్రం ఒకటి తోమి మెరుగుపెట్టి, దాని చుట్టూ స్పార్క్‌ప్లగ్గులు నిలబెట్టి అతికించాడు. అంత అందమైన కిరీటం ఏ మ్యూజియంలోనూ చూడలేదు. తండ్రి చిన్నప్పటినుంచీ కన్న కల అని పాల్‌కి తెలుసు, వద్దనవద్దని రాత్రంతా బతిమాలాడని మోరీన్ నా చెవిలో చెప్పింది.

డెస్మండ్ ఆ కిరీటాన్ని రెండు చేతులా పట్టుకుని మాట్లాడాడు. నాయనమ్మ కథల దగ్గర మొదలుపెట్టాడు. కప్పు పీకిన కోటని ఎన్నిసార్లు కలలో చూశాడో చెప్పాడు. గోడమీద సుద్ద సంతకాల సంగతి చెబితే అందరూ నవ్వారు.

"లార్డు కావాలని నాకు చాలా ఉంది. కానీ అందుకు నాకు కొడుకు లేడని చెప్పాలి. నేను కారు కొనడానికి వచ్చినవాడితో కూడా ఇంతవరకు అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు ఇంత పెద్దది చెప్పలేను. ఆ బిరుదు నాకొద్దు."

అని కిరీటం పాల్ తలమీద పెట్టాడు. అది పెద్దదై కళ్ళమీదకి జారింది, అదే మంచిదైంది. దాని కింద అతను ఏడుస్తున్నాడు. నీ ముచ్చట తీరాలనుకున్నాను నాన్నా అని కోపంగా అన్నాడు. ఇద్దరూ గ్రీజు చేతులతో ఒకర్నొకరు పట్టుకున్నారు. నేను ఏడ్చాను, మోరీన్ ఏడ్చింది, సింధు ఏడుస్తూనే వీడియో తీసింది. మావారు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. కాసేపు ఆయనవొక్కరివే వినబడ్డాయి. తర్వాత పెరడంతా లేచింది.

ట్రెవర్ మొహం చిన్నబోయింది. అతను కూడా చిన్నప్పుడు అవే కథలు విన్నాడు కదా. నువ్వు పోయాక నేను అడగొచ్చా అని నెమ్మదిగా అడిగాడు. అడుగు, కాకపోతే నాకు తొందరేమీ లేదు అన్నాడు డెస్మండ్. నవ్వుల్లో ఎవరో ఫిడేలు అందుకున్నారు. తర్వాత జరిగిన గంతుల్లో మా మోకాళ్ళు, మోరీన్‌వీ నావీ, పాల్గొన్నాయి. మావారు పక్కనుండి చేతులూపారు. ట్రెవర్ శాలువా నడుముకి చుట్టుకుని మరీ ఆడాడు.

ఆదివారం

బయల్దేరేటప్పుడు మా కారు బ్రేకులు కీచుమంటే పాల్ చూస్తానన్నాడు. పాల్ కారు కింద, తండ్రి పైన. కిందినుంచి "లార్డుగారూ, రెంచి" అని కేక వస్తే, ఈయన వంగి అందిస్తున్నాడు. మళ్ళీ "లార్డుగారూ, గుడ్డ" అంటే గుడ్డ. గోడమీది సంతకాలు అలాగే ఉన్నాయి.

పశ్చాత్తాపం ఉందా అని మావారు మొహమాటం లేకుండా అడిగేశారు. డెస్మండ్ దాచలేదు. ఉంది, పొద్దున అద్దంలో చూసుకుని కాసేపు బాధపడ్డాను, ఇంకా కొన్నాళ్ళు పడతాను అన్నాడు. ఆ మాటకి ఆయనమీద నా గౌరవం ఇంకా పెరిగింది. వదులుకున్నది చిన్నదని ఆయన అనలేదు.

బ్రేకులు బాగయ్యాయి. మోరీన్ ముందు సీట్లో కూర్చుని అప్పుడే వంశచరిత్ర మొదలుపెట్టేసింది. నేను వెళ్ళొస్తానని చెబుతూ, ఈ ప్రయాణం గురించి మా భాషలో రాస్తానని, లార్డు అని రాయడానికి లేదు కాబట్టి మిమ్మల్ని ఏమని రాయమంటారని అడిగాను.

ఆయన అప్పుడే మరో కారు కింద దూరిన బూట్లవైపు చూసి, "పాల్ వాళ్ళ నాన్న అని రాయండి" అన్నాడు.